నేల విడిచి సాము

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వవిద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు ‘మన పాఠశాల, నాడు నేడు’ అనే విషయం సూచించారు. ఆ విషయం మీద నాకంటే బాగా మాట్లాడగల పెద్దలు ఈ వేదిక మీదనే ముగ్గురున్నారు. అందువల్ల వారి అనుమతితో నేను వేరొక విషయం ఎన్నుకున్నాను. అరవై ఏళ్ళు దాటిన తరువాత నేను వేడిగాలి బెలూన్ ఎక్కిన సంగతి చెబుతాను. వినడానికి వింతగా ఉన్నా, ఆ బెలూన్‌కూ ఈ పాఠశాల మేడమెట్లకూ సంబంధం ఉంది. ఆ సంబంధంలో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దానిని ఇక్కడే, ఈ గోడల మధ్యనే చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మొదట నా భయం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పొలంలో మోటబావి ఉండేది. మన లోయలో అప్పటి బావులు ఎంత పెద్దవో పెద్దలకు తెలుసు. ఒక ఇల్లు అందులో దింపవచ్చు. ఎండాకాలం, నీళ్ళు అడుగున ఎక్కడో అద్దంలా మెరుస్తున్నాయి. ఒడ్డున నిలబడి వంగి చూశాను. ఆ అడుగు నా వైపు లేచి వచ్చినట్లయింది. కాళ్ళలో సత్తువ పోయి, బోర్లాపడి, రెండు పిడికిళ్ళతో గరిక పట్టుకుని అరిచాను. మా అవ్వ వచ్చి జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె కొట్టిన దెబ్బ ఆ సాయంత్రానికే మరచిపోయాను. ఆ అడుగు లేచి రావడం మాత్రం మరువలేదు.

అప్పటి నుంచి నా బతుకంతా నేలను అంటిపెట్టుకుని సాగింది. పళని వెళితే మెట్లదారే. 2004లో అక్కడ రోప్‌కార్ వచ్చి ఇంటిల్లిపాదీ అందులో పోతుంటే నేను మెట్ల మీద ఒక్కదాన్నే మొక్కు పేరు చెప్పి ఎక్కాను. మేఘమలై విహారయాత్రకు పిల్లలతో వెళ్ళవలసి వచ్చిన రోజున బస్సులో కొండవైపు కూర్చుని, ఊరు వెనుక పడింది మొదలు తేయాకు తోటలు వచ్చేదాకా కళ్ళు తెరవలేదు. టీచరమ్మ ధ్యానం చేస్తున్నదని పిల్లలు అనుకున్నారట. ఇంత దగ్గరలో అంత చక్కని కొండలు పెట్టుకుని వాటిని చూడని మనిషి చిన్నమనూరులో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇక పాఠశాల. నేను ఇక్కడే చదువుకుని, 1983లో ఇక్కడే ఉపాధ్యాయినిగా చేరాను. ఎనిమిదో తరగతికి విజ్ఞానశాస్త్రం చెప్పేదాన్ని. వేడికి వాయువులు వ్యాకోచిస్తాయన్న పాఠం వచ్చినప్పుడు ప్రతి ఏడూ కాగితపు బెలూన్ చేయించడం నాకు అలవాటు. ఆ రోజుల విద్యార్థులు ఈ సభలో ఉన్నారు. వారికి గుర్తుండే ఉంటుంది. పలుచటి రంగుకాగితాలను దొన్నె ఆకారంలో కత్తిరించి, గంజి జిగురుతో అంచులు అతికించి, మూతి దగ్గర సన్నని వెదురు బద్దను కట్టేవాళ్ళం. నిప్పు కట్టి వదలడానికి నేను ఒప్పుకునేదాన్ని కాను. చుట్టూ ఎండిన అరటాకులు, తాటాకు కప్పులు ఉన్న ఊరు మనది. పొయ్యి మీద మూతి పట్టి వేడిగాలి నింపి, దారం కట్టి వదలడమే. చల్లారగానే అది తిరిగి వచ్చేది.

ఆ బెలూన్‌ను మేడమీది నుంచి వదిలేవారు. అప్పట్లో మేడకు పిట్టగోడ ఉండేది, కాని మోకాలెత్తే. పెద్దపిల్లలను నమ్మి పైకి పంపేదాన్ని. తోడుగా వ్యాయామం మాస్టారు వెళ్ళేవారు. నేను మాత్రం కింద పెరట్లోనే నిలబడేదాన్ని. ‘ఎవరో ఒకరు కింద ఉండి ఎటు పోతుందో చూడాలి గదా’ అనేదాన్ని. ఇంకొక రహస్యం కూడా చెబుతాను. తరగతి గదుల కేటాయింపు వచ్చినప్పుడల్లా నాకు కింది గదే కావాలని ఏవేవో కారణాలు చెప్పేదాన్ని. ప్రయోగశాల సామాను మోయలేమనీ, మోకాళ్ళ నొప్పులనీ అనేదాన్ని. ముప్పై ఏళ్ళ వయసులో మోకాళ్ళ నొప్పులు!

1991లో ఒక పిల్లవాడు ఆ మెట్ల నడుమ ఆగిపోయాడు. చేతిలో బెలూన్ కొస పట్టుకుని తోటిపిల్లలతో ఎక్కుతున్నవాడు సగం మెట్లలో కూర్చుండిపోయి, గోడకు ఆనుకుని, కదలనన్నాడు. మిగతావాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. నేను కింద నిలబడి ఉన్నాను. ఆ ముఖం నాకు తెలుసు. గరిక పట్టుకున్న నా ముఖమే అది. ఆ సభలో ఆ పిల్లవాడిని అర్థం చేసుకోగలిగిన మనిషి నేనొక్కదాన్నే. అయినా ఏమన్నానో తెలుసా? ‘మగపిల్లవాడివై మేడమెట్లకే జడిస్తే రేపు సంసారం ఎట్లా ఈడుస్తావురా?’ అన్నాను. తరగతి అంతా గొల్లుమన్నది. పిల్లలు వాడికి ‘నేలగుమ్మడి’ అని పేరు పెట్టారు. పదో తరగతి దాటేదాకా ఆ పేరు పోలేదు.

ఎందుకన్నాను? నా భయం బయటపడకుండా ఉండడానికి. దొంగే ముందుగా ‘దొంగ, దొంగ’ అని అరిచినట్లు.

2015లో పదవీవిరమణ చేశాను. రెండేళ్ళ తరువాత ఒక సాయంత్రం ఆ పిల్లవాడే భార్యతో మా ఇంటికి వచ్చాడు. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నాడు. కోయంబత్తూరులో సొంత వ్యాపారం. నలభైకి దగ్గరపడిన మనిషి, చెవుల దగ్గర నెరుపు. పొళ్ళాచ్చిలో 2015 నుంచి ప్రతి జనవరిలో, పొంగల్ రోజుల్లో, అంతర్జాతీయ బెలూన్ ఉత్సవం జరుగుతున్నదనీ, తాను కిందటి జనవరిలో అందులో ఎక్కాననీ చెప్పాడు. ‘వచ్చే పొంగలుకు మీరూ రండి టీచరమ్మా, మీకూ ఒక చోటు పెట్టిస్తాను’ అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది, వణుకు వచ్చింది. ‘నాకెందుకు నాయనా ఈ వయసులో’ అన్నాను. అప్పుడతను ఏ దెప్పిపొడుపూ లేకుండా, ఎప్పటినుంచో తెలిసిన విషయం చెప్పినట్లు ఇలా అన్నాడు: ‘మీరు ఏనాడూ మేడెక్కలేదు టీచరమ్మా. ఎనిమిదో తరగతి నుంచి చూస్తూనే ఉన్నాను.’

తెలుసు. ఇరవయ్యారేళ్ళుగా తెలుసు. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేయడానికి ఆ ఒక్క మాట చాలు, కాని అతను ఏనాడూ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి ఫోను చేసి వస్తానన్నాను. ధైర్యం వచ్చి అన్నమాట కాదది; అప్పు తీర్చక తప్పదనిపించి అన్నది.

చదువుకున్నవారి భయానికి పుస్తకాలే మేత. ఒప్పుకున్నాను గనుక ఆ రెండు నెలలూ బెలూన్ల చరిత్ర తిరగేశాను. 1783లో ఫ్రాన్సు దేశంలో కాగితం తయారుచేసే కుటుంబానికి చెందిన మాంగోల్ఫియే సోదరులు మొదట ఖాళీ బెలూన్‌ను ఎగరవేశారు. ఆ సెప్టెంబరు 19న వెర్సాయి రాజప్రాసాదం ముందు ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును పంపారు. మూడూ ప్రాణాలతో దిగాయి. కోడిపుంజు రెక్కకు గాయమైతే పైగాలి ప్రమాదమని పండితులు కంగారుపడ్డారట. తీరా విచారిస్తే గొర్రె తన్నిందని తేలిందంటారు. మనుషులను పంపవలసి వచ్చినప్పుడు రాజు పదహారవ లూయీ మరణశిక్ష పడిన ఖైదీలను పంపుదామనుకున్నాడు. చివరకు నవంబరు 21న పిలాత్ర్ ద రోజియే, మార్క్వీ దార్లాంద్ అనే ఇద్దరు తమంతట తాము ఎక్కి, పారిస్ మీదుగా దాదాపు 25 నిమిషాలు పయనించి క్షేమంగా దిగారు. ఇంతవరకు చదివి పుస్తకం మూసి ఉంటే బాగుండేది. తరువాతి పుటలో, అదే రోజియే 1785లో ఇంగ్లీషు ఛానెల్ దాటబోయి బెలూన్ అంటుకుని మరణించాడని ఉంది. ఆ రాత్రీ నిద్ర లేదు.

మన దేశంలో ఈ విద్య కొత్తదేమీ కాదు. 1889లోనే కలకత్తాలో రామచంద్ర ఛటర్జీ అనే వ్యాయామవీరుడు గ్యాస్ బెలూన్‌లో ఒంటరిగా ఎగిరాడు. 2005 నవంబరు 26న విజయపత్ సింఘానియా ముంబై నుంచి వేడిగాలి బెలూన్‌లో 21,027 మీటర్ల ఎత్తుకు పోయి ప్రపంచ రికార్డు స్థాపించాడు. అప్పటికి ఆయన వయసు 67. ఆ అంకె చూసి నాకు సిగ్గువేసింది. తెలుగునాట హైదరాబాదులోనైతే టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా మనుషులు లేని పెద్ద పెద్ద బెలూన్లను శాస్త్రపరికరాలతో పంపుతున్నది. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి పోయిన ఒక బెలూన్ ఎత్తైన గాలిపొరల నుంచి నమూనాలు తెచ్చింది. వాటిలో అంతవరకు ఎవరికీ తెలియని మూడు సూక్ష్మజీవులు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. అరకులోయలో కూడా 2017 నవంబరులో పలు దేశాల బెలూన్లతో ఉత్సవం జరిగింది. ఇదంతా చదవడం వల్ల నా భయం తగ్గలేదు. భయపడుతూ కూర్చున్న గంటలు కొన్ని తగ్గాయి.

2018 జనవరి. తేని, వత్తలగుండు, ఒడ్డన్‌ఛత్రం, పళని, ఉడుమలపేట మీదుగా పొళ్ళాచ్చి చేరేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం మైదానంలో బెలూన్లను తాళ్ళతో నేలకు కట్టి, కొద్ది ఎత్తు లేపి దించుతున్నారు. మరునాటికి అలవాటు అవుతుందని నన్ను వరుసలో నిలబెట్టారు. నా ముందు పదిమంది. పది ఆరైంది, ఆరు మూడైంది. అప్పుడు పైకి పోయిన బెలూన్ తాడు బిగిసి, గంప ఒక పక్కకు ఒరిగింది. నిజానికి అది మామూలే. నేను ఏమీ మాట్లాడకుండా వరుస నుంచి బయటికి వచ్చి, కారులో కూర్చుని తలుపు వేసుకున్నాను.

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. ‘పరవాలేదు టీచరమ్మా. నేనూ కిందటేడు మొదటిసారి ఇట్లాగే బయటికి వచ్చేశాను’ అన్నాడు. అప్పుడు చెప్పాను. ‘1991లో మెట్ల మీద నిన్ను అన్నమాట తప్పు నాయనా. నీకంటే నాకే ఎక్కువ భయం. దాన్ని నీ నెత్తిన వేశాను’ అన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తరువాత, ‘మీరు అన్నది మరచిపోయేవాణ్ణేమో గాని, ఆ పేరు మరవనీయలేదు’ అన్నాడు. క్షమించాననలేదు. అటువంటి మాటలు మన ఇళ్ళలో వాడుకలో లేవు గదా. లేచి వెళ్ళి రెండు కాఫీలు తెచ్చాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్ళీ మైదానానికి పోయాం. వేడిగాలి బెలూన్లు తెల్లవారగానే గాని, సూర్యాస్తమయానికి ముందు గాని ఎగురుతాయి. ఎండ ముదిరితే నేల వేడెక్కి గాలి సుళ్ళు తిరుగుతుంది. అదీ కాక చల్లని గాలిలో లేపే శక్తి ఎక్కువ. ఇక్కడ కొంచెం పాఠం చెబుతాను, ఓర్చుకోండి, అలవాటు పోదు. ఇరవై డిగ్రీల గాలి ఒక ఘనమీటరు తూచితే సుమారు 1.2 కిలోలు. అదే గాలిని నూరు డిగ్రీలకు వేడి చేస్తే 0.95 కిలోలకు దిగుతుంది. తేడా పావుకిలో. ఆ పావుకిలోయే మనల్ని లేపేది. మూడువేల ఘనమీటర్ల బెలూన్ అయితే 750 కిలోలు అవుతుంది. బట్ట, గంప, గ్యాస్ సిలిండర్లు, మనుషులు, అందరి బరువూ అందులోనే. పైవేడి అంతకంటే తక్కువైనా, బయటి గాలి వెచ్చనైనా ఆ లెక్క తగ్గిపోతుంది. ముప్పై ఏళ్ళు బల్ల మీద రాసిన లెక్క నా బరువును మోస్తుందా లేదా అన్నది ఆ ఉదయం మొదటిసారి నా సొంత సమస్య అయింది.

బెలూన్ నడిపే ఆయన విదేశీయుడు, వయసు మళ్ళినవాడు, తొందర లేని మనిషి. ముందుగా ఒక చిన్న హీలియం బుడగను వదిలి, అది ఏ ఎత్తులో ఎటు తిరుగుతున్నదో మెడ ఎత్తి చాలాసేపు చూశాడు. బెలూన్‌కు చుక్కాని ఉండదు. ఒక్కొక్క ఎత్తులో గాలి ఒక్కొక్క దిక్కుకు వీస్తుంది గనుక, ఎక్కడమో దిగడమో చేసి కావలసిన గాలిని ఎన్నుకోవడమే దాన్ని నడిపే నేర్పు. గాలి ఎక్కువగా ఉంటే ఆ పూట ప్రయాణమే మానేస్తారట. మానేస్తారేమోనని నేను ఆశగా ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన బొటనవేలు ఎత్తాడు.

పెళ్ళి అయిపోయాక కూలిన పందిరిలా నేల మీద పరచిన నైలాను బట్టలోకి పంకాలతో చల్లగాలి నింపారు. తరువాత మంట వదిలారు. ఆ చప్పుడు గురించి ఏ పుస్తకమూ సరిగా చెప్పలేదు. ఏనుగు ఘీంకారం చెవి దగ్గర విన్నట్లుంటుంది. మూడు నిమిషాల్లో ఆ బట్ట లేచి మా తలల మీద గోపురమై నిలబడింది.

గంపకు తలుపు లేదు! పక్కన అల్లికలో కాళ్ళు పెట్టుకునే రంధ్రాలున్నాయి, వాటిలో అడుగువేసి ఎక్కి లోపలికి దూకాలి. మంట దగ్గర నూలుబట్టలే మంచివని ముందే చెప్పినందున నేను నూలుచీర కట్టాను. కాని చీరతో గంప ఎక్కడం గురించి ఎవరూ ఆలోచించలేదు. అతని భార్య కుచ్చెళ్ళు పైకి దోపి వెనుక నుంచి ఎత్తింది, నడిపే ఆయన ముందు నుంచి చేయి అందించాడు. అరవై దాటిన పంతులమ్మ గోడ దూకినట్లు లోపల పడింది. మొదటిసారి ఆ ఉదయం మనసారా నవ్వాను. నవ్వుతుండగా కాళ్ళ వణుకు కొంచెం తగ్గిందని కూడా గమనించాను.

గంప మన లోయలో ద్రాక్షపళ్ళు మోసే గంపలాగా బెత్తంతో అల్లినదే, అంచు నా ఛాతీ దాకా వచ్చింది. ఇంత యంత్రయుగంలో ఇంకా బెత్తమేమిటని అడిగాను. దిగేటప్పుడు తగిలే దెబ్బకు లోహం వంకరపోతుంది గాని బెత్తం వంగి, దెబ్బను మింగి, మళ్ళీ లేస్తుందట. నాకు ఆ జవాబు నచ్చింది. నచ్చడం వల్ల ఇంకొక ప్రశ్న అడిగాను. ఆయనకు నా పరిస్థితి అర్థమైనట్లుంది. ఎత్తు చూపే యంత్రాన్ని నాకు చూపించి, ప్రతి వంద అడుగులకూ పైకి చదవమన్నాడు. నాకొక పని ఇచ్చాడు. అది వట్టి కల్పిత పని అని తరువాత తెలిసింది. ఆయన దగ్గర ఇంకొకటి ఉంది.

ఎప్పుడు లేచామో తెలియలేదు. ఇది అతిశయోక్తి కాదు. కుదుపు లేదు, లాగుడు లేదు. మేం కదిలినట్లు లేదు. మైదానమే మెల్లగా కిందికి జారిపోయినట్లుంది. కళ్ళు అంకె మీదే పెట్టి ‘వంద’ అన్నాను. ‘రెండువందలు’ అన్నాను. నా చేతులు గంప లోపలి తాటిని మోటబావి ఒడ్డున గరిక పట్టుకున్నట్లే పట్టుకున్నాయి. బావి అడుగు లేచి వస్తుందని ఎదురుచూస్తున్నాను. మూడువందలు. రాలేదు.

‘కిందికి వద్దు టీచరమ్మా, దూరంగా చూడండి’ అన్నాడతను. చూశాను. దక్షిణాన ఆనమలై కొండలు, వాటి మొదళ్ళలో పొగమంచు. ఇటు కొబ్బరితోటలు, ఆకుపచ్చని చుక్కలుగా. తరువాత కొద్దికొద్దిగా చూపు దగ్గరికి తెచ్చుకుని, చివరకు తిన్నగా కిందికి చూశాను. నేల అక్కడే ఉంది. పటంలాగా, ముగ్గులాగా ఉంది. నా వైపు రావడం లేదు.

ఎందుకట్లా అని తరువాత చదివాను. మేడ అంచున, బావి ఒడ్డున నిలిచినప్పుడు మన కాళ్ళ నుంచి కింది దాకా ఒక గోడ ఉంటుంది. కన్ను ఆ గోడ వెంట జారి, లోతును కొలిచి, తల తిప్పుతుంది. బెలూన్ నుంచి నేలకు అటువంటి గోడ లేదు. అందువల్లనే ఎత్తులంటే భయపడే వారిలో చాలామందికి బెలూన్‌లో ఆ తలతిరుగుడు రాదట. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే రెండు నెలల నిద్ర దక్కేది. తెలిసినా నమ్మేదాన్నా అన్నది వేరే మాట.

వేయి అడుగుల దగ్గర ఆయన మంట ఆపాడు. అప్పటి నిశ్శబ్దం గురించి చెప్పాలి. మేం గాలితో పాటు పోతున్నాం గనుక గాలి తగలదు. అక్కడ దీపం పెడితే రెపరెపలాడదు. కాని కింది శబ్దాలన్నీ వినిపిస్తాయి. కుక్క అరుపు, పాలక్యాన్ల చప్పుడు, ఎవరో ఎవరినో లేవమని కేకలేయడం. ధనుర్మాసపు చివరి రోజులు. ఏదో గుడి మైకులోంచి పాట అంత ఎత్తుకూ స్పష్టంగా వచ్చింది. తూర్పున ఎండ పడగానే మా బెలూన్ నీడ కొబ్బరితోటల మీద పాకుతూ కనిపించింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు. నా కాగితపు బెలూన్ వెంట పెరట్లో పరుగెత్తిన పిల్లల్లాగానే. అప్పుడు నేను కింద ఉండేదాన్ని.

అంకెలు చదవడం మానేసి ఎంతసేపైందో, ఆయన నవ్వుతూ గుర్తుచేశాడు.

ముప్పావుగంట తరువాత దిగే సమయం వచ్చింది. పొళ్ళాచ్చి చుట్టూ కొబ్బరితోటలే గనుక ఖాళీ పొలం దొరకడమే కష్టం. కరెంటు తీగలు వేరే. గాలి ఎటు తోస్తే అటే గదా. తరువాతి కాలంలో, 2025 జనవరిలో, ఇదే ఉత్సవపు బెలూన్ ఒకటి సరిహద్దు దాటి కేరళ పాలక్కాడు జిల్లా పొలాల్లో దిగిందని పత్రికలో చదివి నవ్వుకున్నాను. మాకు దున్నివదిలిన బీడు ఒకటి దొరికింది. మోకాళ్ళు వంచి, వీపు పోయే దిక్కుకు పెట్టి, తాళ్ళు పట్టుకోమన్నారు. ఒక దెబ్బ తగిలింది, ఎగిరింది, రెండో దెబ్బ తగిలింది. గంప ఒరిగి కొంతదూరం ఈడ్చుకుపోయి ఆగింది. నేను వెల్లకిలా పడి, ‘అమ్మో, దిగినాము రా నాయనా!’ అని కేకవేశాను.

ఆ కేక విని ఒక ముసలామె గట్టు దాటి వచ్చింది. మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘ఏం తల్లీ, తెలుగోళ్ళా? ఆకాశంలో నుంచి వస్తిరా?’ అంది. కోయంబత్తూరు సీమలో మనవారు ఎందరున్నారో తెలిసి కూడా, ఆ మాట వినగానే గొంతు పట్టింది. నాయకరాజుల కాలంలోనో అంతకు ముందో మన పెద్దలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, ఎక్కడ దిగుతామో తెలియకనే ఇటు వచ్చి ఉంటారు. వారిలో నాలాంటి పిరికివాళ్ళు ఎందరున్నారో! ఆమె మాకు చెరకురసం పానకంలా తియ్యని కాఫీ ఇచ్చింది. వెంట వచ్చిన వాహనంలో బెలూన్ మడిచి ఎక్కించేదాకా, ఈ బట్ట మీటరు ఎంతని నడిపే ఆయనను తెలుగులోనే అడుగుతూ ఉంది. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. నా భయం పోయిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. పోలేదు. మరుసటి వారమే మా అబ్బాయి అపార్టుమెంటు బాల్కనీలో నిలబడితే మళ్ళీ కాళ్ళు చల్లబడ్డాయి. గోడ ఉన్నచోట అడుగు ఇప్పటికీ లేచి వస్తుంది. కాని ఇప్పుడు దానిని దాచను. ‘నాకు భయం, కాసేపు చేయి పట్టుకో’ అంటాను. ఎవరూ నవ్వలేదు, ఇంతవరకు.

ఇక్కడ పనిచేస్తున్న చిన్నవయసు ఉపాధ్యాయులకు, పెద్దరికంతో కాదు, అనుభవంతో ఒక మాట. మెట్ల నడుమ ఆగిపోయే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. కొందరికి అది మేడమెట్టు, కొందరికి లెక్కల బల్ల, కొందరికి ఇటువంటి మైకు. నాకు గంపలో ఆ విదేశీయుడు చేసింది గమనించండి. ధైర్యంగా ఉండమనలేదు, భయమెందుకని అడగలేదు. చేతికి చిన్న పని ఇచ్చాడు. అంతే. నేను 1991లో ఆ పిల్లవాడి పక్కన రెండు మెట్ల కింద కూర్చుని, ‘దారం నువ్వు పట్టుకో, నేను బెలూన్ పట్టుకుంటాను’ అని ఉండవచ్చు. ఇద్దరం అక్కడిదాకా ఎక్కినవాళ్ళమే అయ్యేవాళ్ళం.

2018 ఫిబ్రవరిలో అప్పటి ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పాఠశాల వదిలిన తరువాత ఈ మేడ మెట్లు ఎక్కాను. అతను వెంట ఉన్నాడు. ఇరవై రెండు మెట్లు. పదకొండో మెట్టు దగ్గర ఇద్దరం ఆగాం. అతను ఆగిన మెట్టు అదే. పైకి పోయి నడుమ నిలబడి, మేఘమలై వైపు చూశాను. పిట్టగోడ ఇప్పుడు నడుమెత్తు ఉంది. అయినా దాని దగ్గరికి పోలేదు, పోను కూడా.

ఈ సభ ముగియగానే ఎనిమిదో తరగతి పిల్లలు మేడమీది నుంచి కాగితపు బెలూన్ వదులుతారని కార్యక్రమ పత్రంలో ఉంది. గంజి జిగురు నేనే కాచి తెచ్చాను. దారం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు; మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను. గాలి ఇంకా పెరగకముందే పైకి పోవాలి గనుక, ఇంతటితో సెలవు తీసుకుంటాను.